నా ఎడమ కాలూ, రాని స్టూలూ

నా కాలి సంగతి చాలామందికి చెప్పాను. ఎవరూ పూర్తిగా వినలేదు. అందుకే రాస్తున్నాను. చదివేవాళ్ళు మధ్యలో ఫోన్ చూసుకున్నా నాకు కనబడదు.

రాయదుర్గంలో ఒక జీన్స్ యూనిట్‌లో నేను కటింగ్ మాస్టర్‌ని. గుడ్డను పొరలు పొరలుగా పరిచి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే కోస్తాను. ఒకరోజు ఎడమ కాలు తడిసిన జీన్స్‌లా బరువెక్కింది. ఇంటికొచ్చి ప్యాంటు మడిస్తే పిక్క మీద నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి ఉన్నాయి.

మర్నాడు మా ఓనర్‌తో చెప్పాను. "కాలు లాగుతాండాదన్నా. ఎత్తు స్టూలు ఒకటి వేయించు."

"కటింగ్ మాస్టరు కూర్చుంటే గుడ్డ వంకర పోతాదప్పా," అన్నాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

నా చేతిలో ఇంతవరకు ఏ గుడ్డా వంకర పోలేదు. ఆ మాట నేను మరిచిపోలేదు.

అనంతపురంలో డాక్టర్, కాల్లో రక్తం ఎట్లా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేయించాడు. "వేరికోస్ వెయిన్స్. సిరల్లో వాల్వులు పాడయ్యాయి. పైకి పోవాల్సిన రక్తం వెనక్కి జారి కిందే నిలుస్తోంది. కంప్రెషన్ స్టాకింగ్ వేసుకోండి. ఒకేచోట నిలబడొద్దు."

మెడికల్ షాపులో ఆ స్టాకింగ్ చూసి నవ్వొచ్చింది. ఇన్ని ప్యాంట్లు కోసినవాడికి ఒక మేజోడు చేతకాదా? సాగే డెనిమ్ ముక్కతో నేనే కుట్టుకున్నాను. జారకుండా తొడ దగ్గర గట్టి ఎలాస్టిక్, చీలమండ దగ్గర వదులుగా బూట్‌కట్. ఫిటింగ్‌కు వంక పెట్టడానికి లేదు.

"ఏమప్పా, ఒంటి కాలికి ప్యాంటేసుకొని తిరుగుతాండావు?" అంది నా భార్య లక్ష్మీదేవి.

మా ఎండలకు కాలు లోపల ఉడికింది. కొన్నాళ్ళకు చీలమండ నల్లబడి, దురదపెట్టి, పుండు పడింది. మళ్ళీ డాక్టర్ దగ్గరికి పోయాను.

"ఇదెవరు కుట్టారు?"

"నేనే సార్."

"బిగుతు చీలమండ దగ్గర ఎక్కువుండాలి, పైకి పోయేకొద్దీ తగ్గాలి. మీరు తొడకు తాడు కట్టినట్టు కట్టారు."

ఆ ముక్క మొదటే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు కుట్టుకుంటారని నాకెట్లా తెలుస్తుందండీ?"

ఇది జవాబు కాదు. అదీ గుర్తుంది.

పుండు ముదిరితే నెలల తరబడి పనికి పోలేనన్నాడు. అప్పుడు నా టేబుల్ ఇంకొకరిదవుతుంది. లేజర్‌తో ఆ సిరను మూసేయాలన్నాడు, ఒప్పుకున్నాను. కాలికి మత్తు ఇంజెక్షన్లు ఇచ్చి, సన్నటి ఫైబర్ సిరలోకి పంపి, వేడితో దాన్ని మూసేశారు.

"మరి రక్తం యాడికి పోతాది సార్?"

"లోపల మంచి సిరలున్నాయి. వాటిలోంచి పోతుంది."

ఆరోజే నడుచుకుంటూ పోయి, బస్సెక్కి ఇంటికొచ్చాను.

మా ఓనర్ చూడడానికి వచ్చాడు. గుమ్మంలోనే, "కుర్చీ వేయమ్మా లక్ష్మీదేవీ. మోకాళ్ళ నొప్పులు, నిలబడలేకుండా ఉండా," అన్నాడు. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే కుర్చీ. అందులోంచి నేను లేచాను.

"కూర్చుంటే వంకర పోతావేమో చూసుకోన్నా," అన్నాను.

నవ్వాడు. నువ్వు వచ్చేలోపు స్టూలు వేయిస్తానన్నాడు.

పుండు మానింది, పనిలో చేరాను. స్టూలు రాలేదు. ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి కుడి కాలు లాగుతోంది. "ఇట్లాగే నిలబడితే ఆ కాలితోనూ వస్తారు," అన్నాడు డాక్టర్.

నిలబడి పనిచేసేవాళ్ళకు ఒకటే చెప్తాను. నరాలు ఉబ్బితే పుండు పడేదాకా ఆగకండి. స్టాకింగ్ డాక్టర్ చెప్పిన కొలతకు కొనండి, పొద్దున్నే వేసుకోండి. కుట్టుకోకండి.

ఓనరన్నా, ఇది నీ టేబుల్ మీద నేనే తెచ్చి పెడతా. తీరిగ్గా కూర్చొనే చదువు. చదివినాక, ఫోన్ పక్కన పెట్టి, నా మొగం చూసి చెప్పు: స్టూలు యాడ?