పెళ్లి గౌను మీద పసుపు

ఇలా నా పక్కకు జరిగి కూర్చోండి. కాళ్లు చాపుకున్నా ఫరవాలేదు, చెవులు మాత్రం ఇటు పెట్టండి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం హడలిపోతున్న ఆ డిసెంబరులో నేను సిడ్నీలో, పారమట్టా దగ్గర ఒక చిన్న నాటకశాలలో వార్డ్‌రోబ్ అసిస్టెంటుని. అంటే నటుల బట్టలు కుట్టడం, బిగించడం, వదులు చేయడం, ఉతికి ఆరేయడం. నా పైన సూపర్‌వైజరు, ఆమె పైన డైరెక్టర్ హెలెన్. అయిదో తరగతితో చదువు ఆగిపోయిన నాకు ఆ ఉద్యోగం ఇప్పించింది నా సూదే.

ఆ సారి వేసింది పాత హాలీవుడ్ పాటల సినిమాల తరహా నాటకం. భార్య పోయిన ఒకాయన కూతుర్ని ఓడలో పారిస్ తీసుకెళతాడు. అక్కడి పాటగాణ్ణి ఆ పిల్ల ప్రేమిస్తుంది. తండ్రి రెండు గంటలపాటు వీల్లేదని అరిచి, చివరి పాటలో ఇద్దరి చేతులూ కలుపుతాడు.

కూతురి వేషం మా హారిస్ పార్క్ పేటలోని తెలుగు పిల్ల సుమది. పాటగాడు డేవిడ్, పగలు ఎలక్ట్రీషియన్. ఆ ఇద్దరూ నిజంగానే పెళ్లి చేసుకోవాలనుకుంటున్నారు. సుమ తండ్రి విశ్వనాథంగారు ససేమిరా అంటున్నారు. ఆయన ఒక బ్యాంకు కంప్యూటర్లలో తేదీలు సరిచేసే ఇంజనీరు. కూతురికి కాపలాగా రిహార్సల్సుకు వచ్చి కూర్చునేవారు. తండ్రి వేషం కట్టే మనిషి మానేస్తే, హెలెన్ ఈయన్నే నిలబెట్టింది. కోపం నేర్పాల్సిన పని లేకపోయింది.

చేతులు కలిపే చోటే రోజూ తంటా. కలిపీ కలపకముందే తన చేయి లాగేసుకునేవారు. పాట అయ్యేదాకా ఉంచమని హెలెన్ మొత్తుకునేది.

"కలిపాను కదండీ, ఇంకా పట్టుకుని ఏం చేయాలి?" అని నా మీద విసుక్కునేవారు.

"చూశారా ఆంటీ, యాక్టింగ్‌లో కూడా డాడీ ఒప్పుకోరు," అని సుమ మూతి ముడిచేది.

శనివారం రెండు ఆటలు. మధ్యాహ్నం ఆట చివర గుంపుగా పాడే కోరస్ వాళ్లు కాగితపు పూరేకులు చల్లారు, తెర పడింది, సుమ పెళ్లి గౌను విప్పి ఇచ్చింది. తెల్ల శాటిన్ భుజాల మీద పసుపు చుక్కలు, వాటి చుట్టూ జిడ్డు. నా ప్రాణం ఉసూరుమంది. ఉన్నది ఒక్కటే గౌను. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రగా తిరుగుతుంది. కోరస్ పిల్లలందర్నీ నిలబెట్టి చీవాట్లు పెట్టాను. అందరూ మేం కాదంటే మేం కాదన్నారు.

ఆట అయ్యాక ప్రతి కోటు జేబులూ తిరగేసి దులపడం మా పద్ధతి. విశ్వనాథంగారి కోటు జేబులోంచి అక్షింతలు రాలాయి. నెయ్యి కూడా వేసి శ్రద్ధగా కలిపినవి. పూరేకుల సందట్లో ఎవరి కంటా పడకుండా చల్లేశారన్నమాట.

పిలిచి నిలదీశాను. "ఒప్పుకున్నానని నోటితో చెబితే సరిపోయేది కదండీ. మధ్యలో నా శాటిన్ ఏం చేసింది?"

"పిల్లకి చెప్పకండి రత్నమ్మగారూ. ఇంకో ఆట ఉంది. ఇప్పుడే తెలిస్తే ఏడవాల్సిన చోట నవ్వేస్తుంది."

"మరి ఈ మిగిలినవి?"

"జేబులోనే ఉండనివ్వండి. సాయంత్రానికి."

ఇంత చదువుకున్న మనిషికి ఏమని చెప్పను? జిడ్డుకు టాల్కం పౌడరు అద్ది, గౌనును వెనక మెట్ల మీద ఎండలో ఆరేశాను. పసుపును ఎండే తినేయాలి. అక్కడ డిసెంబరంటే నడివేసవి కాబట్టి బతికిపోయాను. తరువాత కూర్చుని ఆయన కోటు జేబులు రెండూ కుట్టేశాను.

సాయంత్రం చివరి పాటలో ఆయన చేతులు కలిపి, జేబు తడిమారు. చేయి దూరలేదు. రెండో జేబూ తడిమారు. తెర పక్కన ఉన్న నా వైపు కొరకొరా చూశారు. ఖాళీ చేతులు ఏం చేసుకోవాలో తెలియక, ఆ ఇద్దరి తలల మీద పెట్టారు. పాట అయ్యేదాకా తీయలేదు.

సుమ తలెత్తి తండ్రిని చూసింది. ఏడవాల్సిన సీన్లన్నీ అయిపోయాక అప్పుడు ఏడ్చింది. కాటుకంతా కరిగి గౌను ముందు భాగం మీద కారింది.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదీ: జేబులు ఆట అయ్యాకే కాదు, మొదలు కాకముందు కూడా చూడాలి. పెళ్లి గౌను ఎప్పుడూ రెండు కుట్టి పెట్టుకోవాలి. మరుసటి మార్చిలో సుమ నిజం పెళ్లికి అలాగే రెండు గౌన్లు కుట్టాను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పిల్లల తలల మీద పెద్దల చేతులు చాలాసేపు నిలవాలి.