చప్పుడు చేయని కెమెరా

మాది ఎల్లారెడ్డి. పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాను. మూడేళ్ల క్రితం బరువైన పాత కెమెరా అమ్మేసి, చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. దానితో మొదటి పెళ్లి లింగంపేటలో. నేను లెన్సు మారుస్తుంటే పెళ్లికూతురి తాత వంగి చూసి, "గింత చిన్న దాంట్ల అందరం పడతమా?" అని అడిగాడు. పడతారని చెప్పాను.

మంత్రాలకు అడ్డం రాకూడదని కెమెరా చప్పుడు ఆపేశాను. చప్పుడు ఆపితే ఫ్లాష్ కూడా వెలగదని నాకు తెలియదు.

మా వైపు పెళ్లిళ్లలో, ఫోటో పడిందని తెలిసేదాకా పెళ్లికొడుకు కదలడు. ఇతనూ పుస్తెలతాడు పెళ్లికూతురి మెడ దగ్గర పట్టుకుని, నన్నే చూస్తూ ఆగిపోయాడు. బాజాలవాళ్లు ఆగారు. రెండొందల మంది పిడికిట్లో అక్షింతలతో ఆగారు.

"పడ్డది తమ్మీ, కట్టు" అన్నాను.

"చప్పుడు రాలే గదన్నా."

"ముహూర్తం దాటిపోతది!" అని అయ్యగారు అరిచారు.

చప్పుడు మళ్లీ పెట్టడం ఎలాగో గుర్తు రాలేదు. నోటితోనే "టక్" అన్నాను. అతను ఒక ముడి వేసి, మళ్లీ ఆగాడు. అప్పటికే బాజాలు మొదలవడంతో మిగతా రెండు ముడులకూ గొంతు చించుకుని అరవాల్సి వచ్చింది. పెళ్లి వీడియోలో అన్నిటికంటే స్పష్టంగా వినిపించేది అదే.

ఆ రోజు నుంచి చప్పుడు ఆపడం మానేశాను. మొన్న ఆ జంట తమ బాబు పుట్టువెంట్రుకలకు పిలిచారు. కుటుంబమంతా నిలబడ్డారు. కెమెరా టక్‌మంది, ఫ్లాష్ వెలిగింది. బాబు తండ్రి మాత్రం కదల్లేదు.

"నువ్వు అనలే గదన్నా" అన్నాడు.