నాము సారు నేర్పిన భయం

మా బాటనీ సారు పోయారని కరీంనగర్ నుంచి నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసింది. పొద్దున్నే కొట్టం ఊడుస్తున్నాను. నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. వాన మొఖం చాటేసి చాలా రోజులైంది. మోకాలెత్తు జొన్నచేను ఆకులు ముడుచుకొని నిలబడి ఉంది. ఇక దాని సంగతి ఎవరినడగాలి? మనిషి పోతే ముందు ఇదా గుర్తుకొచ్చేది అని నన్ను నేనే తిట్టుకున్నాను. సారును ఎరిగినవాళ్లకు మాత్రం ఇది వింతగా తోచదు.

ఉట్నూర్‌లో మేం ఇంటర్ చదివేటప్పుడు వచ్చారాయన. అంత పిరికి మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆయన స్కూటర్‌ను సైకిళ్లు దాటిపోయేవి. ఉరుము వినబడితే క్లాసులో కిటికీలన్నీ మూయించేవారు. దారిలో రైతు ఎవరు కలిసినా, బాగున్నవా అనడానికి ముందే "పసులను ఏడ గట్టేసినవ్?" అని అడిగేవారు. మగపిల్లలు నాము సారు అని పేరు పెట్టారు. అది చెవిన పడితే ఆయన నవ్వేవారు. "మంచిగనే వెట్టిండ్రు పోరగాండ్లు. గట్లనన్న నాము యాదికుంటది."

లేత జొన్నలో ఉండే విషాన్ని మా వైపు నాము అంటారు. నీళ్లు లేక గిడసబారిన చేను, కోసిన మోళ్లకు వచ్చిన పిలకలు మేస్తే ఎంత బలమైన ఎద్దయినా చూస్తుండగానే కూలిపోతుంది. ఎంజైముల పాఠం వచ్చినప్పుడు సారు పుస్తకం మూసేసి ఈ నాము గురించే చెప్పారు.

"జొన్న దగ్గర టైరోసిన్ అనే అమీనో ఆమ్లం ఉంటది. దాంతోని అది ఒళ్లు వెంచుకోవాలె. కని లేతగున్నప్పుడు, నీళ్లు లేక ఎదగనప్పుడు, కొన్ని ఎంజైములు గదే టైరోసిన్‌ను వట్టుకొని విషం సరుకు తయారుచేస్తయి. గా సరుకు ఒక అర్రల, దాన్ని ఇప్పే ఎంజైము ఇంకో అర్రల. నడుమ గోడ. ఎద్దు నమిలిందనుకో, గోడ కూలె, రెండు కలిసె, సైనైడ్ వుట్టె."

"మరి ముదిరినంక గా విషం ఎటు వోతది సార్?" అని అడిగాను.

ఆయన మొఖం వెలిగిపోయింది. "గట్ల అడుగు బిడ్డా! వేరే ఎంజైములున్నయి. అవి దాన్ని ఇప్పి, కొంత మళ్ల అమీనో ఆమ్లాలకే మలుపుతయి. కష్టకాలంల దాసుకున్నదాన్ని మొక్క ఉత్తగ పారేసుకోదు."

అన్నీ ఇంత చక్కగా చెప్పే మనిషికి సైనైడ్ అన్న మాట దగ్గర గొంతు ఎందుకు తడబడిందో అప్పుడు నాకు తెలియలేదు.

ఆ ఏడు పొలాల అమావాస్యకు బాపు సారును భోజనానికి పిలిచాడు. మా ఆదిలాబాద్ వైపు ఆ రోజు ఎడ్ల పండుగ. వాటిని కడిగి, కొమ్ములకు రంగులేసి, ఇంటింటా పోలెలు, అంటే బొబ్బట్లు, తినిపిస్తాం. పండుగ పూట ఎండుచొప్ప వేయడం తప్పని మా కాక చేనుకు పోయి లేత జొన్న మోపెడు కోసుకొచ్చాడు. ఆ మోపు ఎడ్ల ముందు పడటం, సారు విస్తరి ముందు నుంచి లేవడం ఒక్కసారే జరిగాయి. "నాము! నాము!" అని అరుస్తూ ఉరికి, ఎద్దు నోట్లోంచి ఎంగిలి చేత్తోనే గడ్డి గుంజేశారు. కొంత అప్పటికే లోపలికి పోయింది. కాసేపటికి ఆ ఎద్దు వణికింది. నోరు తెరిచి ఎగరొప్పుతూ మోకాళ్ల మీద పడింది. అవ్వ గుండెలు బాదుకుంది. జైనూర్ నుంచి పశువుల డాక్టరు బండి మీద వచ్చి నరానికి సూది వేసేదాకా మా ఇంట్లో ఎవరికీ ఊపిరాడలేదు. దేవుని దయ, బతికింది.

సారు అరుగు మీద కూర్చున్నారు. "నా చిన్నప్పుడు మా బాపు ఎడ్లు రెండూ ఒక్కనాడే వడిపోయినయి. గా యేడు అవ్వ, బాపు ఇద్దరే ఎడ్ల లెక్క గుంటుక గుంజిండ్రు. గప్పటిసంది లేత జొన్న జూస్తె నాకు కాళ్లల్ల వణుకు వుడుతది బిడ్డా" అన్నారు.

పెళ్లయి ఈ ఊరొచ్చాక కూడా వాన ఎగ్గొట్టిన ప్రతి ఏడూ ఫోన్ చేసేదాన్ని. చేను ఎంత ఎత్తుందో, ఆకు ఏ రంగులో ఉందో ఓపికగా అడిగి, చివరికి "ఆగు. కంకి వెయ్యనియ్యి" అనేవారు. నాకు ధైర్యం వచ్చేది.

ఆయన పోయిన రోజు సాయంత్రమే వాన పడింది. తెల్లారేసరికి చేను ఆకులు విప్పుకొని నవనవలాడుతోంది. మధ్యాహ్నం కరీంనగర్‌లో దహనం. నేను బస్సుకు బయల్దేరాను. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు, ఇంట్లో నేనూ అత్తమ్మా. ఎడ్లే మా ఆధారం. ఆ జత పోతే మళ్లీ కొనే తాహతు మాకు లేదు.

"నువ్వు వొయ్యిరా బిడ్డా, ఎడ్లను నేను జూసుకుంట" అంది అత్తమ్మ. "పాపం, ఎండుచొప్ప తిని తిని నోర్లు ఎండిపోయినయి. జర లేతది కోసి ఏస్త."

"వద్దత్తమ్మా, నాము ఉంటది."

"ఏ, ఇంత వానవడ్డది గద! విషమంత కడుక్కపోయి ఉంటది."

నాము ఆకు మీది దుమ్ము కాదు వానకు పోను, కంకి వేసేదాకా లోపలే ఉంటుంది. అత్తమ్మ ఎడ్లను కన్నబిడ్డల్లా చూస్తుంది. ఆ ప్రేమే నన్ను భయపెట్టింది. ఎంత చెప్పినా సరే సరే అంటుంది గానీ, కొడవలి మాత్రం చేతిలోంచి దించదు. చెప్పులు విడిచి లోపలికొచ్చేశాను.

మధ్యాహ్నం ఎడ్లను వాగుకు తోలుకుపోతుంటే స్నేహితురాలి ఫోన్. "ఏడిదాంక వచ్చినవే? సారు పాడె లేవట్టుతుండ్రు."

"నేను వస్తలేనే" అన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు.

వాగు దారి చేను అంచునుంచే. ఆకుల మీద వాననీళ్లు ఇంకా ఆరలేదు. ఎడ్లు రెండూ మెడలు సాచి అటే గుంజుతున్నాయి. పలుపులు చేతులకు చుట్టుకొని, బురదలో మడమలు తన్నిపట్టి, ఏడ్చుకుంటూనే వాటిని వెనక్కి లాగుతున్నాను.