సువార్తమ్మ కోసం చేయించిన ప్రార్థన

ఎనిమిదేళ్ళుగా ఒక పేరు నా గొంతులో అడ్డంగా ఉంది. సువార్తమ్మ. నా భర్త దగ్గర కూడా ఆ పేరు ఎత్తను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది అమెరికాలో, షికాగో పక్కన నేపర్‌విల్. ఆయన ఆస్పత్రి లాబ్‌లో పని చేస్తారు. నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. పిల్లలు స్కూలుకు వెళ్ళాక ఊరి లైబ్రరీలో కూర్చుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఇంగ్లీషు నాకు నేనే నేర్చుకున్నాను. అది నాకు గర్వం. ఆ గర్వం గురించే ఇప్పుడు చెప్పాలి.

ఒక ఫిబ్రవరిలో లైబ్రరీవాళ్ళు ముందు బల్ల మీద నల్లజాతివారి చరిత్ర పుస్తకాలు పెట్టారు. వాటిలో, బానిసగా పుట్టిన ఒక స్త్రీ జీవితం చదివాను. చిన్నతనంలో తలకు తగిలిన దెబ్బ వల్ల ఉన్నట్టుండి మగతలోకి జారిపోయేదట. అలాంటి మనిషి పారిపోయి స్వేచ్ఛ ఉన్న నేల చేరింది. చేరి ఊరుకోలేదు. మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్ళి తనవాళ్ళను నడిపించుకొచ్చింది.

మా తెలుగు క్రైస్తవ సంఘం అప్పట్లో ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో కూడేది. అక్కడ స్త్రీల కూడికలో ఆమె గురించి అరగంట మాట్లాడాను. అందరూ మెచ్చుకున్నారు. డాక్టరమ్మ కూడా. పిల్లల్ని చూసుకోవడానికి ఆ డాక్టరమ్మ ఇండియా నుంచి తెచ్చుకున్న మనిషే సువార్తమ్మ. మూడేళ్ళలో చర్చికి తప్ప గడప దాటలేదు. పాస్‌పోర్టు డాక్టరమ్మ బీరువాలో ఉండేది. మాకందరికీ తెలుసు. తెలిసే, సువార్తమ్మ వండి తెచ్చిన పులుసు లొట్టలు వేసుకుంటూ తిన్నాం.

ఆ రోజు గిన్నెలు కడుగుతుంటే ఆమె నా పక్కన చేరింది.

"ఆవిడకి సదువొచ్చాండి?"

"రాదు."

"మరి దారెలా తెలిసిందండి?"

"ఉత్తరాన ఉండే చుక్కను చూసుకుని. దారిలో దాచిపెట్టేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు."

తుడుస్తున్న గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. "ఆళ్ళు ఎవరికీ సెప్పేవోరు కాదాండి?"

"చెప్పేవాళ్ళు కాదు."

"అయితే మీకో మాట సెప్తానండి."

క్రిస్మస్‌కు మా సంఘానికి వచ్చిన ఒక నర్సు, సువార్తమ్మ వాళ్ళ ఊరి పిల్లేనట. షికాగో వస్తే తన దగ్గర ఉంచుకుని పని చూపిస్తానందట. మంగళవారం డాక్టరమ్మ డ్యూటీకి వెళ్ళాక నేను కారులో తీసుకెళ్ళి సువార్తమ్మను రైలెక్కించాలి. అంతే. సరేనన్నాను.

శనివారం మళ్ళీ కూడిక. ముగింపులో ఒక్కొక్కరం ప్రార్థన మనవి చెప్పుకోవడం మాకు అలవాటు. ఒకరి వీసా, ఒకరి అత్తగారి ఆపరేషన్. పేరు ఎత్తకపోతే గుట్టు బయటపడనట్టే అని మా నమ్మకం. సువార్తమ్మ పక్క గదిలో పిల్లల్ని ఆడిస్తోంది. నా వంతు వచ్చింది. లేచాను. చెరలో ఉన్న ఒక సహోదరి మంగళవారం బయటికి నడవబోతోందని, ఆమెను నడిపించే చేతిని దేవుడు బలపరచాలని ప్రార్థించమన్నాను.

ఎందుకు? నోరు జారిందని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. డాక్టరమ్మ నా పక్క కుర్చీలోనే ఉంది. చూశాను. చూసి కూడా, ఆ పుస్తకంలోని స్త్రీలాంటిదాన్నే నేనూ అని ఆ గదిలో వాళ్ళందరికీ తెలియాలన్న ఆశ ఆ క్షణాన నాకు సువార్తమ్మ కన్నా పెద్దదైపోయింది. అందరూ ఆమేన్ అన్నారు. డాక్టరమ్మ కూడా అంది.

మంగళవారం తలుపు తీసింది డాక్టరమ్మే. లోపలికి రమ్మంది. కాఫీ ఇచ్చింది.

"సువార్తమ్మని నిన్న ఫ్లయిట్ ఎక్కించేశాం అక్కా. ఇక ఇండియాలో మా అత్తగారి దగ్గరే ఉంటుంది. మీరు ప్రేయర్ చేయించారుగా, దారి బాగానే దొరికింది."

నవ్వుతూనే అంది. నేను కాఫీ తాగాను. చివరి చుక్క దాకా తాగాను.

తర్వాత నర్సు ఫోన్ చేసి, ఎవరు చెప్పి ఉంటారక్కా అని అడిగింది. సువార్తమ్మే పిల్లల ముందు నోరు జారి ఉంటుందన్నాను. ఎంత సులువుగా వచ్చింది ఆ మాట! సంఘంలో అదే స్థిరపడిపోయింది.

ఇప్పటికీ కూడికలకు వెళతాను. ఎవరైనా దగ్గరగా జరిగి గొంతు తగ్గిస్తే మాత్రం ఏదో పని ఉన్నట్టు లేచిపోతాను. నాకు రహస్యాలు చెప్పేవాళ్ళు లేరు. లేకుండా నేనే చేసుకున్నాను. అప్పుడప్పుడూ ఆమెకు ఉత్తరం రాయాలని కాగితం తీస్తాను. ఆమెకు చదవడం రాదు. ఆ ఇంటివాళ్ళే చదివి వినిపించాలి. కాగితం లోపల పెట్టేస్తాను.

క్షమించమని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఈ ఒక్కటి మాత్రం రాయనివ్వండి. సువార్తమ్మ ఎక్కడా నోరు జారలేదు. చెప్పింది నేను.