రాణి గౌనుకి అక్క కుట్టిన చెయ్యి

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి మెసయీద్‌లో బస్సెక్కాను. అక్కడ ఒక ఇంజనీరు గారింట్లో వంట చేస్తాను. దోహాలో ఆడుతున్న పాత ఇటలీ ఒపెరాకి మా అక్క మేరీ రాణి గౌను కుట్టింది. అది చూడడానికే ఈ ప్రయాణం.

పక్క సీటులో జగిత్యాల మేస్త్రీ ఎక్కడికని అడిగాడు. ఒపెరాకని, అందులో మాటలుండవు, అంతా పాటే, చివరికి రాణి చచ్చిపోతుందని చెప్పాను.

"మా ఊర్ల గూడ భాగోతమోళ్ళు తెల్లారెదాక పాడుతుండిరి. రాణి సచ్చుడు జూడనీకి గింత దూరం పోతున్నవా, చెల్లె?" అని నవ్వాడు.

వక్రాలో బస్సు దిగి మెట్రో ఎక్కి, మూడున్నరకి ముషైరిబ్ చేరాను. అక్క నజ్మాలో టైలరు షాపునుంచి నేరుగా వచ్చింది. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చివరి సీనులో రాణి వెళ్ళిపోతుంటే రాకుమారుడు పట్టి లాగుతాడు. గౌను చెయ్యి ఒక్కటే ఊడి అతని దగ్గర మిగలాలి. బుధవారం రిహార్సల్లో భుజమంతా చిరిగి ముత్యాలు రాలిపోయాయట. మళ్ళీ అలా అయితే వేరే గౌను వేస్తామన్నారట ఒపెరావాళ్ళు. గురువారమంతా కూర్చుని, గట్టి కుట్లు విప్పి, లాగితే ఊడొచ్చేలా సన్నటి టాకాలు వేసింది.

ఇద్దరం అక్కడ ఇంకో రైలెక్కి హాలుకి వెళ్ళాం. అయిదింటికి తెర లేచింది. వెళ్ళేవాళ్ళు శాలువా తీసుకెళ్ళండి, లోపల ఏసీ చలి. బంగారు స్తంభాలు, పైనుంచి వేలాడే దీపాల గుత్తులు, స్టేజీ మీదే నీళ్ళ కొలను. నేను నోరు తెరుచుకుని చూశాను. అక్క మాత్రం రాణి ఎడమ భుజమే చూస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చివరి సీను వచ్చింది, రాకుమారుడు లాగాడు. చర్రుమంది. గౌను చెయ్యి శుభ్రంగా ఊడొచ్చింది, ఒక్క ముత్యం రాలలేదు. రాణి వెనక్కి చూడకుండా కొలనులోకి నడిచింది. అతను ఆ గుడ్డముక్కని గుండెకి హత్తుకుని పాడుతుంటే ముందు వరసలో ఒకావిడ వెక్కివెక్కి ఏడ్చింది. అక్క నా చెయ్యి వదిలి, "సరిగ్గా వచ్చింది" అంది.

ఆట అయ్యాక అక్కని తెర వెనక్కి పిలిచారు, నేనూ వెళ్ళాను. రేపటికి మళ్ళీ కుట్టాలి కదా. రాణి వేషం కట్టినావిడ తడి గౌనుతోనే నిలబడి అక్క పేరు అడిగింది, రెండు చేతులూ పట్టుకుంది.

ఎనిమిదింటికి మెట్రోలో కూర్చోగానే ఊరినుంచి అక్క కూతురు ఫోన్ చేసింది. ఎలా జరిగిందని అడుగుతోంది. అక్క ఫోన్ నాకిచ్చింది.

"నువ్వు చెప్పు. నా గురించి నేనే చెప్పుకుంటే బాగోదు."

దీపాల దగ్గర మొదలుపెట్టి ముషైరిబ్ వచ్చేదాకా చెప్పాను. రైలుపెట్టెలోవాళ్ళు తిరిగి చూశారు. గొంతు తగ్గించలేదు. ఈ దేశమొచ్చి తొమ్మిదేళ్ళు. ఇంటికి ఇలాంటి కబురు చెప్పడం నాకదే మొదటిసారి.