తలుపుకు రెండు పక్కలా సూర్యకాంతమ్మ

జాలారిపేటకు కాస్త ఎగువన, సముద్రపు గాలి నేరుగా తగిలే సందులో మూడంతస్తుల అపార్ట్‌మెంటు ఒకటుంది. రెండో అంతస్తులో ఎడమచేతి ఫ్లాటు ఎవరిదని అక్కడ ఎవరినీ అడగక్కర్లేదు. తలుపుకు కుడిపక్క గోడ మీద నీలం రంగులో, జానెడేసి అక్షరాలతో ‘సూర్యకాంతమ్మ’ అని రాసి ఉంటుంది. ఎడమపక్కా అదే. పడవకు రెండు పక్కలా పేరున్నప్పుడు ఇంటికెందుకుండకూడదని ఆవిడ వాదన.

చిక్కల్లా ఏమిటంటే, ఆ ఫ్లాటు ఆవిడది కాదు. తమ్ముడు కొండలరావుది. ఇంకా నిజం చెప్పుకోవాలంటే సగం బ్యాంకుది. కొండలరావు లోను పెట్టి కొన్నాడు, కాగితాలు బ్యాంకు బీరువాలో ఉన్నాయి. వాటిలో ఎక్కడ వెతికినా సూర్యకాంతమ్మ పేరు కనబడదు.

అలాగని ఆవిడ చుట్టపుచూపుగా వచ్చిన మనిషి కాదు. తల్లి పోయేనాటికి కొండలరావుకు ఐదేళ్ళు, ఆవిడకు పదహారు. చంకనెత్తుకుని పెంచింది. చీకటితో లేచి ఫిషింగ్ హార్బరుకు వెళ్ళడం, వేలంపాటలో చేపలు పాడుకోవడం, గంప నెత్తినెట్టుకుని వీధులు తిరగడం, ఇదీ ఆవిడ చదువు. ఆ గంపతోనే తమ్ముణ్ణి ఐటీఐ చదివించింది. మొగుడు పోయాక మళ్ళీ తమ్ముడి పంచకే వచ్చింది. పదేళ్ళ కిందట ఈ ఫ్లాటులో పాలు పొంగించింది కూడా ఆవిడే. రేవులో క్రేను నడిపే కొండలరావుకు రెండేళ్ళ కిందట పారాదీప్‌లో మంచి పని దొరికితే, భార్య ధనశ్రీనీ పిల్లల్నీ తీసుకుని వెళ్ళాడు. అక్కనీ రమ్మన్నాడు.

“ఆ ఊరి బాస నాకు రాదు. బేరం ఆడకుండా నాను ఒక్క రోజు బతకలేన్రా” అంది సూర్యకాంతమ్మ. ఉండిపోయింది.

గోడ మీద పేరు సంగతి ఆ తరవాతిది. అపార్ట్‌మెంటుకు సెక్రటరీ నీలకంఠం గారు. రిటైరైనా గుమాస్తా బుద్ధి రిటైరవని మనిషి. ఏ ఫ్లాటులో ఎవరుంటున్నారో రాసుకునే ఆయన రిజిస్టరులో రెండే గళ్ళు, ఓనరు, అద్దెదారు. మీరు ఏ గడిలోకి వస్తారమ్మా అని అడిగాడు. ఓనరును కాను అందావిడ. అద్దెదారా అంటే ఒంటికాలి మీద లేచింది. ఆయన చేసేదిలేక ఆ గడులు రెండూ ఖాళీగా వదిలేశాడు. ఆ ఖాళీ ఆవిడ మనసులో ముల్లులా దిగిపోయింది. ఇంట్లో మనిషి ఉండగా పుస్తకంలో ఎవరూ లేకపోవడమేమిటి?

జాలర్లలో పడవ కాగితాలు ఎవరి పేరునున్నా, పడవ మీద మాత్రం తల్లి పేరో, కూతురి పేరో, అమ్మవారి పేరో రాయిస్తారు. సముద్రంలో దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. సూర్యకాంతమ్మ నాన్న పడవ మీద ఈవిడ పేరే ఉండేది. బడి మెట్లెక్కని ఈవిడ తన పేరు చదవగలిగిందంటే ఆ పడవ చలవే. అందుకని హార్బరులో పడవలకు పేర్లు రాసే వరహాల్ని పిలుచుకొచ్చి తలుపుకు రెండు పక్కలా రాయించేసింది. నీలకంఠం గారు లబలబలాడాడు. ఫొటో చూసి కొండలరావు మాత్రం పడీ పడీ నవ్వాడు.

అలాంటి కొండలరావు ఈ మార్చిలో ఫోను చేసి నసిగాడు. లోను ఇంకో బ్యాంకుకు మారిస్తే వడ్డీ తగ్గుతుందట. ద్వారకా నగర్‌లో ఒక ఏజెంటు అంతా చూస్తున్నాడట. రేపో ఎల్లుండో కొత్త బ్యాంకువాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తారట.

“వస్తే రానీరా. టీ ఇస్తాను.”

“అది కాదప్పా.” అక్కను వాళ్ళు అప్పా అనే పిలుస్తారు. “ఇంట్లో ఏరే మనిసుంటే లోను ఆపీస్తారని ఏజెంటు సెప్పినాడు. నువ్వు ఊరికే సూడ్డానికి వచ్చినానని సెప్పీ. ఆ పేరు మీద సున్నం కొట్టించీ.”

ఏరే మనిసి. ఆ మాట సూర్యకాంతమ్మకు చురుక్కున తగిలింది. కానీ తమ్ముడి గొంతులో భయం వింది. వాడి ఇల్లు, వాడి కష్టం. సరేనంది. ఫోను పెట్టేశాక గోడవైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. లోను ఆగిపోతే ఎలాగన్నది ఒక దిగులు. ఇవాళ సున్నం కొట్టించినవాడు రేపు పొమ్మంటే తనకు చూపించడానికి ఏముందన్నది ఇంకో దిగులు. రెండోదాన్ని తలుచుకోవడానికే సిగ్గుపడింది.

మర్నాడు సున్నం వేయించింది. అది ఆరేసరికి లోపలి నుంచి నీలం అక్షరాలు తేలాయి. రెండో పూత, మూడో పూత. పేరు మసక తెర వెనక నిలబడి నవ్వుతున్నట్టే ఉంది. వరహాలుకు ఫోను చేస్తే వాడికి ఎక్కడలేని సంబరమొచ్చింది.

“అది పడవ రంగప్పా! ఉప్పునీళ్ళకే లొంగదు, నీ సున్నానికి లొంగుద్దేటి?”

చేసేదిలేక రెండు పక్కలా మేకులు కొట్టి, తడిపిన చీరలు చెరొకటి వేలాడదీసింది.

వచ్చిన బ్యాంకమ్మాయి పేరు దేవిశ్రీ. తగరపువలస పిల్ల, నెమ్మదస్తురాలు. చీరల మధ్య నుంచి వంగి లోపలికొచ్చింది.

“మీరెవరండీ?”

“సుట్టాన్నమ్మా. నిన్ననే వచ్చాను” అంది సూర్యకాంతమ్మ. అంటూనే చూడకుండా చెయ్యి చాపి, తలుపు వెనక దాక్కున్న ఫ్యాను స్విచ్చి వేసింది. స్టవ్వు ఒక పట్టాన వెలగదు గనక దాని నెత్తిన ఒక్కటిచ్చి వెలిగించి, టీ పెట్టింది. దేవిశ్రీ నవ్వు ఆపుకుంటోంది.

అంతలో మెట్ల మీద నుంచి నీలకంఠం గారి కేక. “సూర్యకాంతమ్మగారూ! ఇవాళ మోటారు వెయ్యాల్సిన వంతు మీది! ట్యాంకులో చుక్క లేదు!”

ఆ వెంటనే గాలి ఒక్క విసురు విసిరింది. ఒక చీర మేకుతో సహా ఊడి నీలకంఠం గారి తల మీద పడింది. మూడు పూతల సున్నంలోంచి సూర్యకాంతమ్మ బయటపడింది. దేవిశ్రీ గుమ్మంలోకొచ్చి గోడను చూసింది, మనిషిని చూసింది.

సూర్యకాంతమ్మ ఇక దాచలేకపోయింది. “అమ్మా, అబద్దం నాకు సేతగాదు. నాను ఆడి అప్పను. పదేళ్ళబట్టి ఇక్కడే ఉంటన్నాను. కాయితంలో నా పేరు లేదు. నావల్ల లోను ఆగిపోద్దంటే నాను ఏ గదో సూసుకుని ఎల్లిపోతాను. ఆడికి మాత్రం ఆపీకమ్మా!”

“ఎవరు చెప్పారండీ మీకు?” దేవిశ్రీ ఆవిడ చెయ్యి పట్టుకుంది. “మాకు కావలసింది ఇల్లు అద్దెకిచ్చారా లేదా అన్నది. సొంత అక్క ఉంటే అద్దెలా అవుతుంది? ఇంటివాళ్ళే ఉన్నట్టు.” ఫారం తీసి రాసింది.

“నా పేరు రాసినావా?” సూర్యకాంతమ్మ తొంగిచూసింది. “ఇది ఇంగ్లీసు గదా. నాకు తెలిసే అచ్చరాల్తో రాయమ్మా.”

దేవిశ్రీ కింద తెలుగులో రాసి చూపించింది. ఆవిడ కాగితం పట్టుకుని బయటికెళ్ళి, గోడ మీద అక్షరాలతో ఒక్కొక్కటే వేలుపెట్టి సరిచూసుకుంది. ఎక్కడా తేడా లేదు. ఈ ఇంటి కాగితం మీద తన పేరు పడ్డం అదే మొదలు.

చీర తల మీంచి తీసుకుంటూ నీలకంఠం గారు ఇదంతా చూశాడు. కిందికెళ్ళి, రిజిస్టరూ స్కేలూ పట్టుకొచ్చాడు. మోకాలి మీద పెట్టుకుని ఓనరు, అద్దెదారు పక్కన మూడో గడి గీశాడు. పైన ‘ఇంటివాళ్ళు’ అని రాసి, పెన్ను ఎత్తి, ఆవిడ ముఖం వంక చూశాడు. “ఇంటిపేరుతో సహా చెప్పండమ్మా.”

సాయంత్రం కొండలరావు ఫోను చేశాడు. “సున్నం కొట్టించినావా అప్పా?”

“మూడు పూతలు కొట్టించాన్రా. నిలవలేదు.” జరిగిందంతా చెప్పింది.

“తప్పు మాటన్నానప్పా” అన్నాడు తమ్ముడు. “వరహాల్ని మళ్ళీ పిలు. ఆ పేరు దిద్దించీ.”

“పిల్చీసేన్రా. మెట్లెక్కి వస్తన్నాడు” అంది సూర్యకాంతమ్మ.