గెలవకూడని కుక్క

కుక్కల పందేలకు బావను మొదటిసారి తీసుకెళ్లిన రోజు, అక్కడ మంచి ఇడ్లీ దొరుకుతుందని అబద్ధం చెప్పాను. డార్విన్ ఊరి చివర ఇసుక ట్రాకు పక్కన ఇడ్లీ ఎవరు పెడతారే అని ఆయన అడగలేదు. అడిగే స్థితిలో ఉంటే నాకు ఆ అబద్ధంతో పనే లేదు.

ఆ ఏడు వానల్లో అక్క పోయింది. బావ రోడ్ల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. నన్ను ఈ దేశానికి రప్పించింది, ఆసుపత్రి మందుల విభాగంలో ఉద్యోగం దొరికేదాకా ఇంట్లో పెట్టుకుని సాకింది ఆ దంపతులే. మా వాళ్లెవరూ నా మాటని సగం కొట్టేయకుండా నమ్మరు. మా వరండా మీదకి మొసలి వచ్చి ఆవకాయ జాడీ పట్టుకుపోయిందని చెబితే బావ ఒక్కడే నవ్వకుండా, "బెల్లం ఆవకాయా, మామూలుదా?" అని అడిగేవాడు. అక్క పోయాక ఆ అడగడమే పోయింది. పెట్టింది తినేవాడు, ఎండిన బట్టలు మడత పెట్టేవాడు, మళ్లీ వెళ్లి కిటికీ పక్కన కూర్చునేవాడు.

ఆ సాయంత్రం గ్రేహౌండ్లను వరసగా నడిపించుకొచ్చారు. ఎనిమిది కుక్కలు, ఎనిమిది రంగుల చొక్కాలు. పెళ్లిచూపులకు వచ్చినట్టు తలలు దించుకుని, సన్నటి కాళ్లు జాగ్రత్తగా వేస్తూ నడిచాయి. బావ కంచె దగ్గరికి జరిగాడు. నావైపు తిరక్కుండానే, "ఇవాళ నక్షత్రమేంటే?" అన్నాడు.

అక్క పోయాక ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. బావది భీమవరం పక్క పల్లె. కోడిపందేల్లో ఏ వారం, ఏ నక్షత్రంలో డేగ రంగు పుంజు మీద కాకి రంగుది గెలుస్తుందో, కాకి మీద నెమలి ఎప్పుడు గెలుస్తుందో చిన్నప్పుడే వంటబట్టించుకున్న మనిషి. నేను గబగబా ఫోనులో పంచాంగం తీశాను.

"అది ఏ ఊరిదే?"

"హైదరాబాదుది."

"అక్కడింకా మధ్యాహ్నం మూడే. ఇక్కడ పొద్దుగూకుతుంది. దేన్ని పట్టుకోవాలి?"

"కుక్కలు ఇక్కడివి కదా బావా, ఇక్కడి పొద్దే పట్టుకోండి."

"సరే. మరి చొక్కా రంగు చూడాలా, ఒంటి రంగా? కోడికి చొక్కా ఉండదుగా."

"శునక శాస్త్రంలో చొక్కాకే పెద్దపీట వేశారు. మూడో అధ్యాయం."

"చదివిన మొహమే," అన్నాడు. కానీ నల్లచొక్కా మీదే కట్టాడు. అది అందరికన్నా వెనక వచ్చింది.

మా గొడవంతా వింటున్న పక్కసీటు ముసలావిడ ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటూ విషయం చెప్పింది. చొక్కా రంగు కుక్కది కాదట, అది బయల్దేరే పెట్టెది. ఒకటో పెట్టెలో ఏ కుక్క నిలబడినా ఎరుపే, ఎనిమిదో దాంట్లో ఏది నిలబడినా గులాబీ రంగే. ఈ వారం నల్లచొక్కా వేసుకున్నది వచ్చే వారం తెల్లచొక్కా వేసుకోవచ్చు. బావ నావైపు తిరిగి, "మూడో అధ్యాయం!" అన్నాడు. తరవాత నవ్వాడు. ఎక్కువసేపు కాదు. అయినా కారు తోలుతున్నంతసేపూ నాకు రోడ్డు సరిగా కనపడలేదు.

ఆదివారాలు అక్కడే గడవడం మొదలైంది. ముసలావిడ దగ్గర ఇద్దరం పాఠాలు నేర్చుకున్నాం. పెట్టె తలుపు లేవగానే దూకేది ఏదో, బద్ధకంగా కదిలేది ఏదో చూడాలి. లోపలి కమ్మీని అంటిపెట్టుకుని పరిగెత్తేది ఏది, మలుపులో బయటికి కొట్టుకుపోయేది ఏది? అలాంటి రెండూ పక్కపక్క పెట్టెల్లో పడితే మొదటి మలుపులో గుద్దుకోవడం ఖాయం. మొదటి మూడింటిలో వస్తే చాలుననే చిన్న పందెమే కట్టేవాళ్లం. రెండోదో మూడోదో వచ్చిన రోజులున్నాయి గానీ, మేం కట్టింది మొదట రావడం మాత్రం జరగలేదు. బావ ఇంటికొచ్చి పప్పులో ఉప్పు తక్కువైందని వంకలు పెట్టేవాడు. నేను ఇంకాస్త తక్కువ వేసేదాన్ని, తిట్టించుకోడానికి.

అక్క కూతురు పెర్త్‌లో, హారిస్‌డేల్‌లో ఉంటుంది. తండ్రిని తన దగ్గరికి తెచ్చుకోవాలని దాని పట్టుదల. ఒక రోజు స్పీకర్లో నా ముందే మాట్లాడింది.

"నాన్నా, నీ రూమ్ రెడీ. యూ కాంట్ కీప్ లివింగ్ లైక్ దిస్."

"ఇక్కడ బానే ఉందమ్మా."

"హియర్ టూ వుయ్ హావ్ ద సీ, నాన్నా. రోజూ తీసుకెళ్తా."

"అది వేరే సముద్రం."

అక్క అస్థికలు కలిపింది ఇక్కడి నీళ్లలో. ఆ పిల్ల ఏడ్చేసింది. "మమ్ వెంట్ వెన్ ఐ వాజ్ ఆన్ ద ఫోన్. నిన్ను కూడా ఫోన్‌లో పోగొట్టుకోలేను, ఐ కాంట్."

బావ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే. పందెం. నేను కట్టిన కుక్క మొదట వచ్చిన రోజు బయల్దేరతాను."

"ప్రామిస్?"

"పందెం అన్నాక మళ్లీ ప్రామిస్ ఏంటమ్మా."

ఆయన పుట్టిన చోట కోళ్ల బరి దగ్గర పందెం కాగితం మీద ఉండదు. గుంపులోంచి ఒకడు చెయ్యెత్తి కోడి రంగు అరుస్తాడు, అవతలి గట్టు నుంచి ఇంకొకడు చెయ్యెత్తుతాడు, అంతే. మాట తప్పినవాణ్ణి తర్వాత ఏ బరి దగ్గరా నిలబడనివ్వరు. ఆ మాటకున్న బరువు నాకు తెలుసు. ఆయన కూతురికి తెలియదు.

ఆ తర్వాతి ఆదివారం బావ చిన్న పందెం మానేసి, మొదటి స్థానం మీదే కట్టాడు. మూతి నెరిసిన ఒక నల్ల ఆడకుక్క మీద. ఏ పెట్టెలోంచి వదిలినా అది తలుపు లేచాక ఆలోచించుకుని బయల్దేరేది, మలుపులో అందరికన్నా బయటగా, ఊరంతా చుట్టి వచ్చేది. తర్వాత కూడా దాని మీదే. ఆ తర్వాతా దాని మీదే.

"బావా, అది గెలవదు," అన్నాను.

"తెలుసు."

ఆ ఒక్క మాటతో నాకంతా అర్థమైంది. అక్కడి నుంచి నా పని నేను చేశాను. ప్రతి ఆదివారం ఆ పిల్లకి ఫోన్ చేసి, ముక్కంత తేడాలో పోయిందే అనేదాన్ని. గెలిచేదే, దారిలో మిడతను చూసి ఆగిందే అనేదాన్ని. "పిన్నీ, యూ ఆర్ అన్‌బిలీవబుల్," అని అది నవ్వేది. నవ్వి, "నెక్స్ట్ సండే దెన్," అనేది. ఆ ఆశ వింటుంటే నా నాలుక మీద నాకే కోపం వచ్చేది. కానీ వరండాలో బావ అక్క వేసిన కరివేపాకు మొక్కకి నీళ్లు పోస్తూ కనిపించేవాడు. నేను ఎవరి పక్షాన అబద్ధమాడాలి?

ఎండాకాలం చివర్లో ఒక సాయంత్రం. దూరంగా గడ్డి తగలబెడుతున్నారు, పొగ మీద గద్దలు తిరుగుతున్నాయి. తలుపులు లేచాయి. మొదటి మలుపులో ముందున్న రెండూ గుద్దుకున్నాయి. వెనకొస్తున్నవి వాటి మీద పడ్డాయి, ఒకటి దొర్లింది. మా నల్లకుక్క ఎప్పటిలాగే ఆలస్యంగా, ఎప్పటిలాగే బయటగా వస్తోంది. ఆ గొడవ దానికి తగల్లేదు. దాని పాటికది పరిగెత్తింది. దాని ముందు ఎవరూ లేరు.

ముసలావిడ లేచి, "యూ బ్యూటీ!" అని అరుస్తూ బావను కౌగిలించుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన వీపు తట్టారు. బావ చెయ్యి కంచె మీద అలాగే ఉంది.

నేను చెవి దగ్గరికి వెళ్లి అన్నాను. "బావా, చెప్పేది నేనే కదా. రెండోదిగా వచ్చిందంటాను."

"నువ్వు అనొచ్చే. నీకది అందం. పందెం కట్టింది నేను."

"కన్నబిడ్డతో పందెం కూడా పందెమేనా?"

"బిడ్డతో కాబట్టే." కొంచెం ఆగి, "ఫోన్ కలుపు," అన్నాడు.

నేను ఆలస్యం చేశాను. సిగ్నల్ లేదన్నాను, చార్జింగ్ అయిపోయిందన్నాను. బావ చెయ్యి చాపి నిలబడ్డాడు. కలిపాను.

"పిన్నీ, ఈసారి ఏం అడ్డొచ్చింది?" అంటూ నవ్వుతోంది అది.

ఫోన్ బావకిచ్చాను.

"గెలిచానమ్మా," అన్నాడు.

"వాట్? రియల్లీ? నాన్నా!" ఆ పిల్ల కేక నాకూ, పక్కనున్న ముసలావిడకీ వినపడింది. మొగుణ్ణి పిలిచింది, ఏడ్చింది, నవ్వింది. "టికెట్ బుక్ చేయనా? నౌ?"

ట్రాకు అవతల నల్లకుక్కకి ఎవరో బకెట్‌తో నీళ్లు పెడుతున్నారు. బావ అది తాగడం అయ్యేదాకా చూశాడు.

"చెయ్యమ్మా," అన్నాడు.

శుభవార్తా అని ముసలావిడ నన్నడిగింది. అవునన్నాను.